ఘాట్ దిగక ముందే తెలుసుకోవాలి: బండి కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌ను సిమ్యులేషన్‌లో పరీక్షించే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

రాయచోటి నుంచి కడపకు దిగే గువ్వలచెరువు ఘాట్ అంచున ఒక ఎలక్ట్రిక్ లోడ్ ఆటో నిలబడి ఉందనుకోండి. వెనక 500 కేజీల టమాటా ట్రేలు. పైన ఊళ్ళోనే ఛార్జింగ్ పెట్టి బ్యాటరీ నిండుగా నింపారు. డ్రైవరు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాడు. చదును రోడ్డు మీద రోజూ అలా తీయగానే మోటారే బండిని పట్టి లాగుతుంది. ఆ పట్టుకు అతని కాలు అలవాటు పడింది. ఇవాళ బ్యాటరీలో కరెంటు పోయడానికి చోటు లేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ ఆ పట్టును వదిలేసింది. బండి జారిపోతోంది.

ఈ తప్పు ప్రోటోటైప్ తయారయ్యాక, ఘాట్‌లో బయటపడకూడదు. కోడ్ రాసిన మొదటి వారంలో, ల్యాప్‌టాప్ మీద బయటపడాలి. అది ఎలా చేయాలో ఇక్కడ మెట్టు మెట్టుగా చెబుతున్నాం. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్లు తయారవడం మొదలైనప్పటి నుంచి ఈ చుట్టుపక్కల ఇంజినీరింగ్ విద్యార్థులకు వాహన సాఫ్ట్‌వేర్ దూరపు మాట కాదు. పెద్ద కంపెనీలు వాడే ఈ పద్ధతినే నలుగురున్న కాలేజీ బృందమో, ఆటోలు కట్టే చిన్న వర్క్‌షాపో కూడా చేసుకోవచ్చు. ఉదాహరణ కోసం పైన చెప్పిన లోడ్ ఆటోనే చివరిదాకా వాడతాం.

నాలుగు మెట్లు, నాలుగు పేర్లు

ఈ రంగంలో అందరి నోటా నలిగే మాటలు నాలుగు. కంట్రోల్ లాజిక్ ఇంకా బొమ్మ రూపంలో, అంటే మోడల్‌గా ఉన్నప్పుడే బండి మోడల్‌తో కలిపి నడిపితే మిల్. ఆ లాజిక్‌ను సీ కోడ్‌గా మార్చి, కంప్యూటర్‌లోనే నడిపితే సిల్. అదే కోడ్‌ను అసలు వాడబోయే చిప్ మీద నడిపితే పిల్. పూర్తి కంట్రోలర్ బోర్డును తెచ్చి, దాని వైర్లకు నిజం బండి బదులు బండిలా నటించే కంప్యూటర్‌ను తగిలిస్తే హిల్.

ఒక్కో మెట్టు ఒక్కో రకం తప్పును పట్టుకుంటుంది. ఆలోచనలోని తప్పు మిల్‌లో, కోడ్‌లోని తప్పు సిల్‌లో, చిప్‌కు సంబంధించినది పిల్‌లో, వైర్లకూ సమయానికీ సంబంధించినది హిల్‌లో దొరుకుతుంది. మిల్ మానేసి నేరుగా హిల్ బెంచి కొనే బృందాలున్నాయి. అలా చేస్తే ఆలోచనలోని తప్పును వైర్ల మధ్య వెతుక్కోవాల్సి వస్తుంది, వారాలు పోతాయి.

ఏమేం కావాలి

మిల్, సిల్ రెండింటికీ 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ చాలు. కాలేజీలో సిమ్యులింక్ లైసెన్సు ఉంటే అదే వాడండి. లేకపోతే ఓపెన్‌మోడెలికా, సైలాబ్, పైథాన్ ఉచితం. ఐఐటీ బాంబే వారి ఫాసీ ప్రాజెక్టు ఓపెన్‌మోడెలికా, సైలాబ్‌లకు శిక్షణ సామగ్రి కూడా ఉచితంగా ఇస్తోంది. సీ కోడ్‌కు జీసీసీ కంపైలర్, మార్పుల చరిత్ర దాచడానికి గిట్. ఒక సాధనంలో కట్టిన మోడల్‌ను మరో సాధనంలో నడపాల్సి వస్తే ఎఫ్ఎంఐ అనే ప్రమాణం ఉంది. 2014లో వచ్చిన దాని 2.0 వెర్షన్‌ను దాదాపు అన్ని సాధనాలూ అర్థం చేసుకుంటాయి. 3.0 వెర్షన్ 2022లో వచ్చింది, కానీ మీ రెండు సాధనాలకూ అది వచ్చో రాదో చూసుకున్నాకే దాని జోలికి వెళ్ళండి.

మెట్టు 1: అంకె లేని నియమం రాయకండి

"దిగుడులో బండి సాఫీగా నడవాలి" అనేది కోరిక. దాన్ని పరీక్షించలేం. ఇలా రాయాలి: "1000 కేజీల మొత్తం బరువుతో, 6 శాతం వాలులో, గంటకు 25 కిలోమీటర్ల దగ్గర కాలు తీసినప్పుడు, మోటారు పట్టు తగ్గాల్సి వస్తే 3 సెకన్ల కంటే తొందరగా సున్నాకు పడకూడదు, తగ్గడం మొదలైన 100 మిల్లీసెకన్లలోపు బజర్ మోగాలి." ఇందులో బరువు, వాలు, వేగం, సమయం అన్నీ ఉన్నాయి. పాసో ఫెయిలో కంప్యూటరే తేల్చగలదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఇంకెవరి బండి నియమాలో తెచ్చి అతికించకండి. కాలేజీ రేసు కార్ల పోటీల నుంచి తరచూ ఎత్తుకొచ్చే నియమం ఒకటుంది: బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ కలిపి నొక్కితే మోటారు టార్క్ (తిప్పే బలం) సున్నా చేయాలి, యాక్సిలరేటర్ 5 శాతం కిందికి వచ్చేదాకా తిరిగి ఇవ్వకూడదు. రేసు కారుకు అది ప్రాణరక్ష. లోడ్ ఆటోను ఎత్తుగడ్డ మీద ఆపి మళ్ళీ కదిలించే డ్రైవరు చేసేదేమిటి? బ్రేకు పట్టుకునే యాక్సిలరేటర్ ఇస్తాడు. ఆ క్షణంలో టార్క్ తీసేస్తే 12 శాతం ఎక్కుడులో బండి అర సెకనులో సుమారు 13 సెంటీమీటర్లు, ఒక సెకనులో అర మీటరు వెనక్కి జారుతుంది. వెనక ఇంకో బండి ఉంటే? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. ఆ నియమాన్ని వేగం గంటకు 5 కిలోమీటర్లు దాటాకే పనిచేసేలా మార్చి, రెండు పరిస్థితుల్లోనూ పరీక్షించండి.

మెట్టు 2: బండి మోడల్ కట్టడం

బండిని ముందుకు తోసే బలం ఒకటి, ఆపే బలాలు మూడు. టైరు దొర్లుడు నిరోధం, గాలి నిరోధం, వాలు. తోసే బలంలోంచి ఆపే బలాలన్నీ తీసేసి, మిగిలినదాన్ని బరువుతో భాగిస్తే త్వరణం. దాన్ని కూడుకుంటూ పోతే వేగం. మోడల్ గుండెకాయ ఇంతే.

మన ఆటోకు వేసుకునే అంకెలు: మొత్తం బరువు 1000 కేజీలు, దొర్లుడు గుణకం 0.015, గాలి గుణకాన్ని ముందు వైశాల్యంతో గుణిస్తే 1.2 చదరపు మీటర్లు, చక్రం వ్యాసార్ధం 0.23 మీటరు, గేరు నిష్పత్తి 12, గేరు సామర్థ్యం 93 శాతం. మోటారు గరిష్ఠ టార్క్ 45 న్యూటన్ మీటర్లు, గరిష్ఠ శక్తి 10 కిలోవాట్లు. బ్యాటరీ 16 ఎల్ఎఫ్‌పి (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్లు వరసగా, అంటే 51.2 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లు, 7.68 కిలోవాట్ అవర్లు. గాలి సాంద్రతకు పుస్తకంలో ఉండే 1.225 వేయకండి. అది సముద్ర మట్టం దగ్గర, 15 డిగ్రీల చలిలో ఉండే గాలి. అనంతపురం సముద్ర మట్టానికి మూడు వందల మీటర్లకు పైనే ఉంది, ఎండ 40 డిగ్రీలు. 1.1 వేయండి.

మోడల్ సరిగా కట్టామో లేదో చూడటానికి ముందు చేత్తో లెక్క వేయాలి. చదును రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్లప్పుడు దొర్లుడు 147 న్యూటన్లు, గాలి 81 న్యూటన్లు, మొత్తం 228. అంటే చక్రం దగ్గర 2.5 కిలోవాట్లు. అదే వేగంతో 6 శాతం ఎక్కుడులో వాలు ఒక్కటే 589 న్యూటన్లు కలుపుతుంది, శక్తి 9.1 కిలోవాట్లకు పోతుంది. మీ మోడల్ ఈ అంకెలకు 2 శాతం లోపు రాకపోతే ముందుకు వెళ్ళకండి. ఎక్కువసార్లు దొరికే తప్పులు రెండు: వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చకపోవడం, వాలు శాతాన్ని డిగ్రీలనుకోవడం. 6 శాతం వాలంటే దాదాపు మూడున్నర డిగ్రీలే.

గాలిని తేలిగ్గా తీసుకోకండి. జూన్ నుంచి ఆగస్టు దాకా రామగిరి గాలిమరలను తిప్పే ఆ గాలే మీ బండికి ఎదురొస్తుంది. సెకనుకు 5 మీటర్ల ఎదురుగాలిలో గంటకు 40 కిలోమీటర్లతో పోతుంటే గాలి నిరోధం 81 న్యూటన్ల నుంచి 171కి పెరుగుతుంది. కిలోమీటర్ల మైలేజీ లెక్కలు అక్కడే తప్పుతాయి.

మోటారును ఎంత లోతుగా కట్టాలి? కొత్తవాళ్ళు ఇక్కడే అతిగా పోతారు. మోటారు లోపలి కరెంటు నియంత్రణ సెకనుకు 10 వేల నుంచి 20 వేల సార్లు తిరుగుతుంది. దాన్నంతా మోడల్‌లో పెడితే 12 నిమిషాల ఘాట్ ప్రయాణం లెక్క తేలడానికి గంటలు పడుతుంది. మనం పరీక్షించేది మోటారును టార్క్ అడిగే పై స్థాయి కంట్రోలర్‌ను. కాబట్టి అడిగిన టార్క్ 30 మిల్లీసెకన్ల ఆలస్యంతో వస్తుందని ఒక చిన్న బ్లాకు పెడితే చాలు. బండి మోడల్ 1 మిల్లీసెకను అడుగుతో (అంటే అంత సమయానికొకసారి లెక్క వేస్తూ), కంట్రోలర్ 10 మిల్లీసెకన్ల అడుగుతో నడవాలి. అడుగు స్థిరంగా ఉండాలి. అడుగు తనంతట తాను మారే సాల్వర్ వాడితే కంట్రోలర్ నిజంలో ఎప్పుడు మేలుకుంటుందో మీకు తెలియదు.

సెన్సర్ల విషయంలో మాత్రం లోతు తగ్గించకండి. వేగం మోటారు హాల్ సెన్సర్ల నుంచి వస్తుంది. నాలుగు జతల అయస్కాంత ధ్రువాలున్న మోటారులో ఒక చుట్టుకు 24 అంచులు (సెన్సర్ సిగ్నల్ మారే క్షణాలు). గంటకు 1 కిలోమీటరు వేగంలో రెండు అంచుల మధ్య 18 మిల్లీసెకన్లు, 0.2 కిలోమీటర్ల వేగంలో 90 మిల్లీసెకన్లు పడతాయి. అంటే 10 మిల్లీసెకన్లకొకసారి మేలుకునే కంట్రోలర్ వరసగా తొమ్మిదిసార్లు పాత వేగాన్నే చూస్తుంది. ఎత్తుగడ్డ మీద బండిని నిలబెట్టే లాజిక్ ఖచ్చితమైన వేగంతో మోడల్‌లో అద్భుతంగా పనిచేస్తుంది, నిజం బండిలో ముందుకూ వెనక్కూ ఊగుతుంది. కారణం ఇదే. అంచుల లెక్కతో వేగాన్ని తయారుచేసే చిన్న బ్లాకు పెట్టండి, ఆ ఊగుడు ల్యాప్‌టాప్‌లోనే కనిపిస్తుంది.

డ్రైవరు మోడల్ కూడా కావాలి. వేగం తగ్గితే కాలు నొక్కే ఒక పీఐ కంట్రోలర్ సరిపోతుంది, కానీ దానికి 0.4 సెకను ఆలస్యం పెట్టండి. ఆలస్యం లేని డ్రైవరు ఎంత చెడ్డ సాఫ్ట్‌వేర్‌నైనా కప్పిపుచ్చేస్తాడు.

మెట్టు 3: మిల్‌లో ఘాట్ దిగడం

ఇప్పుడు 6 శాతం వాలు, 5 కిలోమీటర్ల దిగుడు, గంటకు 25 కిలోమీటర్లు. ఇవి ఉదాహరణ అంకెలు. మీరు తిరిగే ఘాట్ వాలును జీపీఎస్‌తోనో, మెకానిక్ లెవెల్‌తోనో కొలిచి వేసుకోండి. బండిని కిందికి తోసే నికర బలం 410 న్యూటన్లు. దాన్ని మోటారు ఒక్కటే పట్టాలంటే మోటారు దగ్గర 7.3 న్యూటన్ మీటర్ల వెనకటి టార్క్ కావాలి. మొత్తం దిగుడులో 0.57 కిలోవాట్ అవర్ల శక్తి చక్రాల దగ్గర పుడుతుంది. నష్టాలు పోగా ముప్పాతిక వంతు, అంటే 0.43 కిలోవాట్ అవర్లు బ్యాటరీకి చేరుతుంది. మన బ్యాటరీలో అది 5.6 శాతం. కాబట్టి ఘాట్ పైన ఛార్జి 94 శాతం దాటి ఉంటే దిగుడు పూర్తయ్యేలోపే చోటు అయిపోతుంది.

మొదటి ఆలోచనగా అందరూ రాసే లాజిక్: ఛార్జి 97 శాతం చేరితే రీజెన్ (మోటారు బండిని పట్టి, కరెంటును బ్యాటరీలోకి పోయడం) బంద్. దీన్ని నడిపితే గ్రాఫ్‌లో ఆ క్షణంలో బండి సెకను సెకనుకూ సెకనుకు 0.41 మీటరు చొప్పున వేగం పుంజుకోవడం కనిపిస్తుంది. డ్రైవరు తేరుకుని బ్రేకు తొక్కడానికి రెండు సెకన్లు పడితే గంటకు 3 కిలోమీటర్లు పెరిగిపోయి ఉంటుంది. మలుపు దగ్గర అది చిన్న విషయం కాదు.

రెండో ఆలోచన: 90 శాతం దగ్గర నుంచి 97 దాకా పట్టును మెల్లగా తగ్గించడం. గ్రాఫ్ ఇప్పుడు నున్నగా వస్తుంది, బృందం తృప్తి పడుతుంది. ఆగకండి. ఎల్ఎఫ్‌పి సెల్లు మధ్య భాగంలో దాదాపు ఒకే వోల్టేజీ చూపిస్తాయి. అందుకే బీఎంఎస్ (బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే బోర్డు) కరెంటును లెక్కపెడుతూ ఛార్జి శాతాన్ని అంచనా వేస్తుంది. ఆ లెక్క రోజులు గడిచే కొద్దీ పక్కకు జరుగుతుంది. బ్యాటరీ నిండే దగ్గర వోల్టేజీ ఒక్కసారిగా లేవగానే బీఎంఎస్ తన తప్పు దిద్దుకుంటుంది: ఒక మెసేజిలో 91, తర్వాతి మెసేజిలో 100. మీ మోడల్‌లో ఈ గంతు పెట్టండి. నున్నగా తగ్గాల్సిన పట్టు 6.3 న్యూటన్ మీటర్ల నుంచి సున్నాకు 10 మిల్లీసెకన్లలో పడిపోతుంది. అంటే రెండో ఆలోచన కూడా మొదటిదే అయిపోయింది.

మూడో ఆలోచనే నిలబడుతుంది: శాతాన్ని బట్టి తగ్గించడంతోపాటు, ఏం జరిగినా సెకనుకు 2.4 న్యూటన్ మీటర్ల కంటే వేగంగా పట్టు తగ్గకుండా కాలపు కట్టడి. ఆ మూడు సెకన్లూ బ్యాటరీ కరెంటు తీసుకోగలగాలి కాబట్టి బీఎంఎస్ చేసేవాళ్ళతో కాగితం మీద ఒప్పుకోండి: పరిమితి తగ్గించిన తర్వాత మూడు సెకన్లదాకా కాంటాక్టర్ (బ్యాటరీని విడదీసే స్విచ్) తెరవకూడదు. ఏదైనా సెల్ 3.65 వోల్టులు దాటితే మాత్రం గడువేమీ లేదు, వెంటనే సున్నా, బజర్ మోత.

కాంటాక్టర్ గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, 25 కిలోమీటర్ల వేగంలో మోటారు 40 ఆంపియర్లు బ్యాటరీలోకి పోస్తూ ఉంటుంది. ఆ క్షణంలో కాంటాక్టర్ తెరుచుకుంటే ఆ శక్తి మోటారు కంట్రోలర్ కెపాసిటర్లలోకే పోవాలి. 2000 మైక్రోఫారాడ్ల కెపాసిటర్ 56 వోల్టుల నుంచి 100 వోల్టులకు చేరడానికి సుమారు 3 మిల్లీసెకన్లు చాలు. మన సాఫ్ట్‌వేర్ 10 మిల్లీసెకన్లకొకసారి మేలుకుంటుంది. అది కళ్ళు తెరిచేలోపే 100 వోల్టుల మాస్‌ఫెట్లు (మోటారుకు కరెంటు ఇచ్చే స్విచ్‌లు) పోతాయి. కాబట్టి ఆ రక్షణ మోటారు కంట్రోలర్ హార్డ్‌వేర్‌లోనే ఉండాలని మోడల్ ముందే చెప్పేసింది. ఒక్క బోర్డు కూడా కాలలేదు.

ఎండది ఇదే కథ. చాలా ఎల్ఎఫ్‌పి సెల్ల డేటాషీట్లలో ఛార్జింగ్‌కు పై హద్దు 45 డిగ్రీలు. మే నెలలో కర్నూలులోనో కడపలోనో మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండి బ్యాటరీ ఆ హద్దు దాటడం మామూలే. అప్పుడు ఛార్జి 50 శాతమే ఉన్నా రీజెన్ ఉండదు. కాబట్టి పరీక్షల పట్టికలో ఛార్జి 50, 90, 95, 100 శాతం. బ్యాటరీ వేడి 25, 43, 46 డిగ్రీలు. బరువు 500, 1000, 1200 కేజీలు. దిగుడు 4, 6, 10 శాతం పెట్టండి. అన్నీ కలిపితే 108 పరీక్షలు. నిజం బండితో ఒక్కోటి 12 నిమిషాలనుకున్నా 21 గంటలకు పైగా దిగుతూనే ఉండాలి, మళ్ళీ ఎక్కే సమయం వేరే. 1200 కేజీల ఓవర్‌లోడ్‌తో 10 శాతం దిగుడులో పట్టు తీసేసే పరీక్షను అసలు మనిషిని కూర్చోబెట్టి చేయకూడదు. ల్యాప్‌టాప్ మొత్తం పట్టికను ఒక భోజనం వేళలో ముగిస్తుంది.

మెట్టు 4: సిల్, అదే పరీక్ష అసలు కోడ్‌తో

మోడల్ నుంచి పుట్టించినా, చేత్తో రాసినా, ఆ సీ కోడ్‌ను లైబ్రరీగా కంపైల్ చేసి అదే బండి మోడల్‌కు తగిలించండి. మిల్‌లో వచ్చిన టార్క్ గీత, ఇప్పుడు వచ్చిన గీత పక్కపక్కన పెట్టాలి. తేడా 0.1 న్యూటన్ మీటరు దాటితే ఫెయిల్. వాహనాల భద్రతా ప్రమాణం ఐఎస్ఓ 26262 ఆరో భాగం ఈ పోలికనూ, కోడ్‌లో ఎన్ని వాక్యాలు, ఎన్ని దారులు పరీక్షలో నడిచాయో కొలవడాన్నీ అడుగుతుంది. కొలతకు జీసీసీతోనే వచ్చే జీకావ్ సరిపోతుంది. నడవని దారి కనిపించగానే దానికోసం ఒక ఉత్తుత్తి పరీక్ష రాసేయకండి. ఏ పరిస్థితి మరిచిపోయామో ఆలోచించండి. ఎక్కువగా అది సెన్సర్ చెడిపోయినప్పటి దారి అయి ఉంటుంది.

అందుకే సెన్సర్లను చెడగొట్టే పరీక్షలు ఇక్కడే. యాక్సిలరేటర్‌కు పెడల్ ఎంత నొక్కారో విడివిడిగా చెప్పే రెండు ట్రాకులుంటాయి: ఒకటి 0.5 నుంచి 4.5 వోల్టులు, రెండోది దానిలో సగం. రెండింటికీ 10 శాతం మించి తేడా 100 మిల్లీసెకన్లు నిలిస్తే టార్క్ సున్నా. 90 మిల్లీసెకన్ల తేడాకు స్పందించకూడదు, 110కి తప్పక స్పందించాలి. రెండు వైపులా పరీక్షించండి. గుంతల్లో కనెక్టర్ కదిలినప్పుడు 20 మిల్లీసెకన్ల తెగింపులు వరసగా వస్తాయి, దాన్నీ పెట్టండి. ప్రతి తెగింపుకూ టైమరు మొదటికి వస్తోందా, లేక కూడుకుంటూ పోయి ఊరికే బండిని ఆపేస్తోందా చూడాలి.

కంపైలర్‌లో అడ్రస్ శానిటైజర్, అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్ రెండూ ఆన్ చేసి నడపండి. హద్దు దాటిన అర్రేలు, పొంగిన పూర్ణాంకాలు వాటికే దొరుకుతాయి.

మెట్టు 5: క్యాన్ మెసేజిలు

క్యాన్ అంటే బండిలోని కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైరు. లినక్స్‌లో వర్చువల్ క్యాన్ ఉచితంగా వస్తుంది. బీఎంఎస్, మోటారు కంట్రోలర్‌లకు పైథాన్‌లో రెండు నకిలీలు రాసి, మీ కోడ్‌తో మాట్లాడించండి.

ఇక్కడ దొరికే ఒక్క తప్పు కోసమైనా ఈ మెట్టు చేయాలి. టార్క్ 16 బిట్లలో, 0.1 న్యూటన్ మీటరు అడుగుతో పోతుంది. ఘాట్‌లో మనం అడిగేది మైనస్ 7.3, అంటే మైనస్ 73. అవతలి వాళ్ళ డీబీసీ ఫైలులో, అంటే మెసేజిలోని బిట్లను ఎలా చదవాలో చెప్పే పట్టికలో, ఆ సిగ్నల్‌కు మైనస్ గుర్తు ఉంటుందని రాయడం మరిచిపోయారనుకోండి. వాళ్ళు చదివేది 65463, అంటే 6546.3 న్యూటన్ మీటర్లు. అది హద్దు దాటింది కాబట్టి గరిష్ఠానికి కత్తిరిస్తారు: ప్లస్ 45. కాలు తీసిన బండికి దిగుడులో ఫుల్ యాక్సిలరేటర్. చదును రోడ్డు మీద ముందుకు నడిపే పరీక్షలన్నీ పాసవుతాయి, ఎందుకంటే అక్కడ అన్నీ ప్లస్ అంకెలే. ప్రతి సిగ్నల్‌కూ కనిష్ఠం, గరిష్ఠం, సున్నా, మైనస్ ఒకటి పంపి అవతల ఏం చదివారో చూడండి. అలాగే హద్దు దాటిన విలువ వస్తే కత్తిరించి వాడకూడదు, తిరస్కరించాలి.

వర్చువల్ క్యాన్‌లో మెసేజి రెప్పపాటులో చేరిపోతుంది, వరసలో నిలబడదు, తప్పు పడదు. నిజం వైరు అలా ఉండదు. మీ నకిలీలలో 0 నుంచి 15 మిల్లీసెకన్ల ఆలస్యం చేర్చండి. బీఎంఎస్ మెసేజి పూర్తిగా ఆగిపోయే పరీక్ష తప్పనిసరి: పాత విలువను పట్టుకుని వేలాడే కోడ్ చాలా ప్రమాదకరం.

మెట్టు 6: పిల్, చిప్ మీద

కంప్యూటర్‌లో పాసైన కోడ్ చిప్ మీద ఎందుకు తప్పుతుంది? మోటారు పనులకు ఎక్కువగా వాడే టీఐ సీ2000 చిప్‌లలో పూర్ణాంకం 16 బిట్లే, కంప్యూటర్‌లో 32. గంటకు 40 కిలోమీటర్ల దగ్గర మోటారు నిమిషానికి 5535 చుట్లు. శక్తి లెక్క కోసం దాన్ని 0.1 అడుగులో ఉన్న టార్క్‌తో గుణిస్తే, 0.6 న్యూటన్ మీటర్లకే 33,210 వస్తుంది. 16 బిట్ల హద్దు 32,767. దాటగానే అంకె మైనస్‌లోకి తిరుగుతుంది. సిల్‌లో ఈ తప్పు కనిపించనే కనిపించదు.

ఎస్‌టీఎం32ఎఫ్4 లాంటి చిప్‌లలో ఇంకో రకం ఇబ్బంది. వాటి దశాంశ యూనిట్ సింగిల్ ప్రెసిషన్ మాత్రమే. కోడ్‌లో 0.1 అని రాసి చివర ఎఫ్ పెట్టకపోతే అది డబుల్ అయిపోయి, లెక్కంతా సాఫ్ట్‌వేర్‌లో నెమ్మదిగా జరుగుతుంది. చిప్‌లోని సైకిల్ కౌంటర్‌తో ఒక్కో టాస్క్ ఎంత సమయం తింటోందో కొలవండి. సగటు కాదు, అతి ఎక్కువ పట్టినది చూడాలి. 10 మిల్లీసెకన్లలో సగానికి మించితే ఇప్పుడే తగ్గించుకోవడం మేలు, ఫీచర్లు ఎలాగూ పెరుగుతాయి.

మెట్టు 7: చిన్న హిల్ బెంచి

పెద్ద సంస్థలు డీస్పేస్, టైఫూన్ లాంటి బెంచీలు వాడతాయి. మన అవసరానికి ఇవి చాలు: ఒక రాస్‌ప్‌బెర్రీ పై 4, ఎంసీపీ2515 క్యాన్ బోర్డు ఒకటి, పెడల్ వోల్టేజీల కోసం ఎంసీపీ4725 డాక్ (అంకెను వోల్టేజీగా మార్చే) బోర్డులు రెండు, 8 చానళ్ళ రిలే బోర్డు, లెవెల్ షిఫ్టర్, 12 వోల్టుల 5 ఆంపియర్ల బెంచి సప్లై, 120 ఓమ్‌ల రెసిస్టర్లు రెండు, మల్టీమీటర్.

వైరింగ్‌లో నాలుగు చోట్ల చేయి తప్పుతుంది. రాస్‌ప్‌బెర్రీ పై పిన్నులు 3.3 వోల్టులవి. డాక్‌ను 5 వోల్టులతో నడిపితే దాని బోర్డు మీది పుల్అప్‌లు పై పిన్నులకు 5 వోల్టులు తోస్తాయి, అందుకే మధ్యలో లెవెల్ షిఫ్టర్. క్యాన్ బోర్డు కూడా 5 వోల్టులదైతే అదే జాగ్రత్త. ఆ బోర్డు మీది క్రిస్టల్ 8 మెగాహెర్ట్జ్‌దో 16దో కళ్ళతో చదివి, అదే అంకె సెట్టింగ్‌లో ఇవ్వండి. తప్పితే ఒక్క మెసేజీ రాదు, కారణమూ తెలియదు. పవర్ తీసేసి క్యాన్ రెండు వైర్ల మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక చివర రెసిస్టర్ లేదు, 40 వస్తే ఎక్కడో మూడోది ఉంది. చివరగా, రాస్‌ప్‌బెర్రీ పై, కంట్రోలర్, సప్లై మూడింటి గ్రౌండూ ఒకటే కావాలి.

బండి మోడల్ 1 మిల్లీసెకనుకొకసారి తప్పకుండా నడవాలి. మామూలు లినక్స్ అప్పుడప్పుడు ఆలస్యం చేస్తుంది. రియల్ టైమ్ కెర్నల్ వేసుకోండి. 2024లో వచ్చిన 6.12 వెర్షన్ నుంచి అది ప్రధాన కెర్నల్‌లోనే ఉంది. ప్రతి అడుగుకూ పట్టిన సమయాన్ని లాగ్ చేయండి. ఆలస్యమైన అడుగులున్న పరీక్షను పాస్ అయినా లెక్కలోకి తీసుకోకండి.

రిలేలతో పెడల్ వైరు తెంపడం, గ్రౌండుకు తగిలించడం, 5 వోల్టులకు తగిలించడం చేయండి. క్యాన్ రెండు వైర్లను ఒకదానికొకటి తాకించి 2 సెకన్ల తర్వాత వదలండి. కంట్రోలర్ బస్ ఆఫ్‌లోకి పోయి (అంటే మెసేజిలు పంపడం మానేసి), తిరిగి దానంతట అదే మాటల్లో పడాలి, టార్క్ మాత్రం డ్రైవరు కాలు తీసి మళ్ళీ నొక్కేదాకా రాకూడదు. 12 వోల్టుల సప్లైని మెల్లగా 6కు దించి ఎత్తండి. రీసెట్ అయిన కంట్రోలర్ మొదటి 100 మిల్లీసెకన్లలో ఏ పిన్నుపై ఏం వదులుతోందో ఆసిలోస్కోపుతో చూడాల్సింది ఇక్కడే.

ప్రతి రాత్రీ

గిట్‌లోకి కోడ్ చేరిన ప్రతిసారీ సిల్ పరీక్షలు, రాత్రి 108 పరీక్షల పూర్తి పట్టిక, వారానికోసారి హిల్ వాటంతటవే నడిచేలా పెట్టండి. ఫెయిలైన పరీక్షను "రేపు చూద్దాం" అని పట్టికలోంచి తీసేసే అలవాటు ఒక్కసారి మొదలైతే ఆగదు. తీసేయాల్సి వస్తే ఎవరు, ఎందుకు, ఎప్పటిదాకా అన్నది రాసి ఉండాలి.

బండి చేతికొచ్చిన రోజు

కనెక్టర్‌లోకి నీళ్ళు పోవడం, మోటారు కేబుళ్ళ నుంచి సెన్సర్ వైర్లలోకి ఎక్కే విద్యుత్ గోల, గుంతల అదురుకు వదులయ్యే బోల్టులు, బ్రేకు డ్రమ్ములు కాలిపోవడం ఈ మోడల్‌లో లేవు. వాటికి బండి కావాలి, ఆ తర్వాత ఆమోదం కోసం వాహనాలను పరీక్షించే సంస్థలకు, అంటే చెన్నై దగ్గర ఒరగడంలోని గార్క్‌కో పుణెలోని ఏఆర్ఏఐకో పోవాలి.

ప్రోటోటైప్ రాగానే ముందుగా చేయాల్సింది కోస్ట్‌డౌన్. తెల్లవారుజామున గాలి పడిపోయిన వేళ, చదునైన రోడ్డు మీద 1000 కేజీల బరువుతో గంటకు 45 కిలోమీటర్లు ఎక్కించి, న్యూట్రల్‌లో వదిలేయండి. వేగాన్ని సెకనుకు పదిసార్లు రికార్డు చేయాలి. అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు చేసి సగటు తీయండి. మన అంకెలు నిజమైతే 40 దగ్గర వేగం సెకనుకు సెకనుకు 0.23 మీటరు చొప్పున, 10 దగ్గర 0.15 చొప్పున తగ్గాలి. 10 దగ్గరి తేడా దొర్లుడు గుణకానిది, 40 దగ్గర అదనంగా కనిపించేది గాలిది. కొలిచిన అంకెలు మోడల్‌లో వేసి 108 పరీక్షలూ మళ్ళీ నడపండి.

అవన్నీ పాసయ్యాక ఘాట్. మొదటిసారి ఖాళీ బండి, ఛార్జి 60 శాతం, ఉదయం చల్లని పూట. క్యాన్ లాగ్‌ను తెచ్చి అదే వాలు, అదే పెడల్‌తో మోడల్‌లో నడిపి, రెండు టార్క్ గీతలూ ఒకదాని మీద ఒకటి వేయండి. తేడా 10 శాతం దాటిన ప్రతి చోటికీ కారణం దొరికాకే బరువు 1000కి, ఛార్జి 90కి పెంచి రెండోసారి దిగాలి.